కాటా ఎక్కిన పెళ్ళిబస్సు

నలుగు పెట్టించుకుంటూ పెళ్ళికూతురు తమ్ముడితో కంప్యూటర్ ప్రోగ్రాం గురించి కీచులాడిందంటే ఎవరూ నమ్మరు. నేను కీచులాడాను.

మా నాన్న లారీలు తోరణగల్లుకు ఖనిజం తోలుతాయి. వాటికి దారి చూపే ఫోన్ యాప్‌ను సత్యనారాయణపేటలో మా ఇంట్లోనే నేనూ తమ్ముడూ రాశాం. అందులో 'లారీ' అని ఒక క్లాసు, అంటే బండి ఏమేం చేయాలో రాసిపెట్టిన అచ్చు, ఉంది. లోడు మీద టార్పాలిన్ కప్పించడం, కాటాకు పంపి తూకం వేయించడం దాని పనులు. దాన్నుంచి ఇంకో క్లాసు పుట్టిస్తే తల్లి పనులన్నీ పిల్లకు వచ్చేస్తాయి. మేం వాడే భాషలో, వద్దని రాస్తే తప్ప ఎవరైనా అలా పుట్టించుకోవచ్చు. నాకది ఒళ్ళుమంట. తలుపు మూసే ఉండాలి, ఆలోచించుకుని తెరవాలి అంటాను.

“అన్నిటికీ బీగమేస్తే పని యాడైతాదక్కా?” అని తమ్ముడు నవ్వి, మగపెళ్ళివారి బస్సుకు దారి చూపే క్లాసును 'లారీ' నుంచే పుట్టించేశాడు.

పెళ్ళిరోజు కప్పగల్లు దగ్గరి మంటపంలో ముస్తాబై కూర్చున్నాను. ముహూర్తం ముంచుకొస్తోంది, బస్సు జాడ లేదు. ఇంతలో పెళ్ళికొడుకు మెసేజ్: “టార్పాలిన్ కప్పినారా అని మీ యాప్ అడుగుతాండాది. మా అమ్మకు గూడా కప్పల్లా?”

పకపకా నవ్వాను. ఆ వెంటనే ఏడుపొచ్చింది. డ్రైవర్‌కు ఫోన్ చేశాను.

“యాడుండావప్పా?”

“కాటా మీదుండామమ్మా. తూకమైతేగానీ ముందర దారి చూపిచ్చదంట.”

“అది మా తమ్ముని ఎర్రితనమప్పా! ఫోను పక్కన పడేసి బేగ రా!”

బస్సు రానే వచ్చింది. ముందుగా దిగింది నాకు కాబోయే అత్త.

“ఏందమ్మా, మమ్మల్ని తూకమేసి మంటపంలోకి రానిస్తావా?”

“లారీ పద్ధతులన్నీ బస్సుకు అడక్కుండానే వచ్చేసినాయత్తా,” అన్నాను. ఆమె పడీ పడీ నవ్వింది. ముహూర్తం దాటకుండానే తాళి పడింది. నేను నవ్వు ఆపుకోలేక పురోహితుడి చేత చీవాట్లు తిన్నాను.

మర్నాడు పొద్దున అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది.

“మా అత్త చేసిన నోములు, ఉపవాసాలు అన్నీ నేను చేస్తాండా. ఇంగ నువ్వూ...” అంటూనే ఆగిపోయింది. నా ముఖంలోకి చూసి ఫక్కున నవ్వింది. “వద్దులే, నిన్నూ కాటా ఎక్కించేటట్టుండా. నీకేం కావల్లో నువ్వే చెప్పు.”

ఆవిడ మీద నాకు ఆ క్షణమే ప్రేమ పుట్టింది.

“ముందు మీ కాఫీ నేర్పించత్తా,” అన్నాను.