ఒక్క బస్సు పోనీండి

పోయిన ఆదివారం మా ఇంగ్లీషు మేడం కన్నుమూశారు. ప్రొద్దుటూరు నుంచి పాత స్నేహితురాలు ఫోన్ చేసి, "మేడం లేరుమే" అంది. మా ఆయనకూ ఆమే పాఠం చెప్పారు. సంగతి విని ఆయన స్టవ్ ఆపేశాడు.

ప్రొద్దుటూరులో డిగ్రీ చదివేటప్పుడు మాకొక పాత విషాద నాటకం ఉండేది. పగబట్టిన రెండు ఇళ్లు, ఆ ఇళ్ల పిల్లలిద్దరి ప్రేమ. చూసుకున్న వెంటనే ప్రేమ, ఆ వెంటనే పెళ్లి, ఆ వెంటనే చావు. ఇళ్ల మధ్య పగ మాకు కొత్తేం కాదు. జమ్మలమడుగు పక్కన మా ఊరూ రెండు పార్టీలే. మా నాయన ఒక పక్క, నేను ఇష్టపడిన అబ్బాయి వాళ్ల నాయన ఇంకో పక్క. క్లాసులోనూ ఏ పార్టీ పిల్లలు ఆ పార్టీ బెంచీల్లోనే.

ఆ నాటకంలో పిల్లలు తొందరపడిన ప్రతిచోటా మేడం పుస్తకం మూసేవారు. "ఈడ ఒక్కరోజు ఆగింటే?" అని అడిగేవారు.

ఒకసారి వెనక బెంచీలో ఒకడు లేచాడు. "తొందర పిల్లోళ్లదేనా మేడం? కత్తులు తీసిన పెద్దోళ్లది కాదా?"

"వాళ్లదే ఎక్కువ నాయనా. కానీ వాళ్లు నా క్లాసుకు రారు కదా."

రెండు పక్కల బెంచీలూ కలిసి నవ్వడం అదే మొదలు.

చివరి సంవత్సరం నాకు సంబంధాలు చూస్తాండారని తెలిసి, మేమిద్దరం తిరుపతి బస్సెక్కాలని ప్రొద్దుటూరు బస్టాండుకు వచ్చాం. మేడం అక్కడే కడప బస్సు కోసం బెంచీ మీదున్నారు. నా సంచీ చూశారు, అతన్ని చూశారు. మమ్మల్ని తనకు చెరో పక్క కూర్చోబెట్టుకుని, చేతిలోని బొరుగుల పొట్లం విప్పారు.

"యాడికి పోతాండారని అడగను. ఎవురికీ చెప్పను. ఒక్క బస్సు పోనీండి, తర్వాత దాంట్లో ఎక్కండి."

"ఎందుకు మేడం?"

"మీరిద్దరూ పోతారు. మీ అన్న ఈడే ఉంటాడు కదమ్మా. ఈ పిల్లోని నాయనా ఈడే ఉంటాడు. రేపు పొద్దున వాళ్లు చేతుల్లో ఏం పట్టుకొని వీధిలోకొస్తారో, అదొక్కటీ ఆలోచించుకోండి."

తిరుపతి బస్సు వెళ్లిపోయింది. బొరుగులు అయిపోయాయి. చివరికి అతనే, "పరీక్షలన్నా రాసి పోదాంలే" అన్నాడు.

"నీకు తప్పిన సబ్జెక్టులు ఉండాయి గదా, శానా కాలం పడుతుందప్పా," అన్నారు మేడం.

శానా కాలమే పట్టింది. మేడమే ఇంటికొచ్చి మా నాయనతో మాట్లాడి, సంబంధాలు ఆపించి నన్ను ఎం.ఏ.కి పంపించారు. అతనికి పులివెందులలో ఉద్యోగం దొరికింది. ఒక ఎలక్షన్ల ముందు రెండు వర్గాల పెద్దలూ ఒకే జెండా కిందికి చేరారు. మా నాయన, వాళ్ల నాయన ఒకే జీపెక్కి ఓట్లడగాల్సి వచ్చింది. ఆ తర్వాత మా పెళ్లికి అడ్డం చెప్పడానికి ఇద్దరికీ కారణం మిగల్లేదు.

ఆ జెండాలు కలవకపోయింటే? మేము ఆగింది తెలివితోనా, భయంతోనా? నాకిప్పటికీ తేలలేదు. ఒకసారి మేడంనే అడిగాను.

"కలవకపోయింటే టికెట్లు నేనే కొనిచ్చేదాన్ని. ఆగమన్నా గానీ, మానుకోమన్నానా?" అన్నారు.

మొన్న ఆమెను కాటికి సాగనంపి, ఇద్దరం అదే బస్టాండుకు వచ్చాం. పులివెందుల బస్సు బయల్దేరుతోంది. మా ఆయన మెట్టు మీద కాలు పెట్టి, మళ్లీ దించాడు.

"ఇది పోనీలే," అన్నాడు.

బొరుగులు కొనుక్కొచ్చాడు. బెంచీకి ఆ చివర ఆయన, ఈ చివర నేను కూర్చున్నాం. పొట్లం విప్పి, మధ్యలో ఖాళీగా ఉన్న చోట పెట్టాం.