బుధవారం నాటి చీటీ

గుండీలక్కకి అసలు పేరొకటి ఉంది గానీ, ఫ్యాక్టరీ హాజరు పట్టీకి తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. పద్దెనిమిదేళ్లుగా చొక్కాలకి గుండీలు కుట్టే మిషను ఆమెది. తనొక్క రోజు మానేస్తే లోకంలో మగాళ్లంతా రొమ్ములు బార్లా తెరుచుకుని తిరగాల్సిందేనని నవ్వేది. నోరున్న మనిషి. ఆ నోరు ఆ వారం మూతపడింది.

మొగుడు రాళ్లు కోసే మిల్లులో పనిచేసేవాడు. రంపం మీద నీళ్లు వదిలితే దుమ్ము లేవదు. కానీ పని నెమ్మదిస్తుందని మిల్లువాళ్లు ఆ నీళ్ల పైపు కట్టేశారు. ఇందులో దేవుడి ప్రమేయం ఎక్కడా లేదు. పన్నెండేళ్లు ఆ దుమ్ము పీల్చిన మనిషి మూడు వారాలు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద గడిపి, శుక్రవారం పొద్దున పోయాడు. శనివారం సమాధి చేశారు.

సమాధి దగ్గరికి మిల్లు మేనేజరు పెద్ద పూలచక్రం పట్టుకొచ్చాడు. చేతులు జోడించి, "అంతా దేవుడి చిత్తం అమ్మా, మీకు తెలియనిదేముంది" అన్నాడు. ఎంతమంది చావు ఇళ్లలోనో ఆమె తన నోటితో చెప్పిన మాటే అది. అతని నోట్లోంచి వచ్చేసరికి ఒళ్లు మండిపోయింది. అప్పట్నుంచీ బుర్రలో ఒకటే తిరుగుడు. ఇక మీదట దేవుడికి స్తోత్రం చెబితే ఇతగాడి మాటకి తలూపినట్టే కదా? చెప్పకపోతే ఇన్నేళ్లు మోకరించిందంతా ఏమైనట్టు?

ఆదివారం ఇంట్లో కూర్చోలేక ఆడబిడ్డను వెంటబెట్టుకుని చర్చికి వెళ్లింది. ఇనుప సామాన్ల కొట్టు మీద అద్దె హాలు అది. గుమ్మం పక్కన ఒక రేకు డబ్బా ఉంటుంది. వారంలో ఎవరికి ఏ మేలు జరిగినా పేరు పెట్టకుండా చీటీ రాసి అందులో వేస్తారు. ఆదివారం సంఘ పెద్ద, కళ్లజోడు ముక్కు చివరికి జారిపోయే ముసలాయన, ఒక్కొక్కటే తీసి చదువుతాడు. ముందుగా చూసుకోమంటే వినడు. సాక్ష్యం తాజాగా ఉండాలంటాడు.

ఎవరి కూతురో పరీక్ష పాసైంది. ఎవరికో ఇల్లు దొరికింది. మూడో చీటీ విప్పాడు.

"మా ఆయనకి ఈ రోజు ఊపిరి కాస్త తెరిపిచ్చింది. సగం రొట్టె తిన్నాడు..."

అక్కడ ఆగిపోయాడు. ఆ సంఘంలో ఊపిరి కోసం కొట్టుకున్నది ఒక్కడే. తలలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. బుధవారం ఆసుపత్రి నుంచి వస్తూ తనే ఆ డబ్బాలో వేసి వెళ్లిన సంగతి గుండీలక్కకి అప్పుడు గుర్తొచ్చింది.

పేరు లేదు కాబట్టి తలొంచుకుని కూర్చోమని ఆడబిడ్డ చెవిలో గొణిగింది. పాస్టరుగారు లేచొచ్చి చీటీ అందుకోబోయారు. పొరపాటు జరిగిందనీ, దీన్ని పక్కన పెట్టేద్దామనీ, ఆ సోదరి మనసు నొచ్చుకోకూడదనీ అన్నారు. మంచి మనిషే.

గుండీలక్క లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలీదు.

"ఆ చీటీ నాదే. పక్కన పెట్టకండి అయ్యగారూ. బుధవారం అబద్ధం కాదు."

ముందు బెంచీ పట్టుకుని అందరి వైపు చూసింది.

"శుక్రవారం సంగతి నాకు అర్థం కావట్లేదు. అది దేవుడి చిత్తమని మాత్రం ఎవరూ నాతో అనకండి. అది మిల్లు దుమ్ము. మీలో ముగ్గురు రేపు పొద్దున మళ్లీ అక్కడికే పోతారు. నీళ్లు వదిలేదాకా ఆ రంపం ముట్టుకోకండి."

ఆ ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. మిగతాది చదవమంటావా అమ్మా అని పెద్దాయన అడిగాడు. చదవమంది.

"దువ్వెన అడిగాడు. నేనే దువ్వాను. పాపిడి వంకరగా తీశానని నవ్వాడు. ప్రభువా, స్తోత్రం."

మామూలుగా అందరూ ఒక్క గొంతుతో స్తోత్రం అనే చోటు అది. కొందరు అన్నారు. కొందరు నోటిదాకా వచ్చింది మింగేశారు. గుండీలక్క అందరికన్నా ఆలస్యంగా, తనలో తను అనుకున్నట్టు అంది.

మెట్లు దిగుతుంటే ఆడబిడ్డ ఉండబట్టలేకపోయింది.

"దేవుడి మీద కోపం పోయినట్టేనా వదినా?"

"పోలేదే."

"మరి స్తోత్రమన్నావుగా."

"అన్నాను. అదీ నిజమే. ఇవి రెండూ ఒక్క కడుపులో ఎలా ఇముడుతున్నాయో నాకేం తెలుసు?"

మిల్లులో పనిచేసే ఆ ముగ్గురూ వెనకే దిగుతున్నారు. అందులో ఒకడు తల గోక్కుంటూ, తాము ముగ్గురే పోయి అడిగితే మేనేజరు ఖాతరు చెయ్యడనీ, రేపు గేటు దగ్గరికి అక్క కూడా వస్తే బాగుంటుందనీ నసిగాడు.

దేవుడి పేరెత్తిన ఆ మొహాన్ని మళ్లీ చూడాలని ఆమెకి లేదు. మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగింది.

"ఎన్నింటికి?" అని అడిగింది.