ఏసీ గదిలో మిరప బస్తాలు

దాచేపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఏసీ ప్లాంటు చూసుకునేవాణ్ణి. పెద్ద ఫ్యాక్టరీలన్నీ కరెంటు వాడకాన్ని తనిఖీ చేయించుకుని తీరాలని చట్టం వచ్చిన రోజులవి. మా ఏసీల వంతూ వచ్చింది. తనిఖీ సవ్యంగా జరిగితే నన్ను పర్మనెంట్ చేయిస్తానని మేనేజర్‌గారు మాటిచ్చారు. ఇద్దరు పిల్లలు పుట్టుకొచ్చినా నాదింకా కాంట్రాక్టు ఉద్యోగమే.

అసలు నా పీడ ఏసీలు కాదు, మిరపకాయలు. ఎండుమిర్చి రంగు దిగితే మావాళ్లకు ప్రాణం ఒప్పదు. ఇంటికి ఏడాదికి సరిపడా కాయల్ని ఆఫీసర్లందరూ తెచ్చి, కంట్రోలు రూము పక్కనున్న ఏసీ గదిలో పెట్టుకునేవాళ్లు. పచ్చడికో కారానికో కావలసినప్పుడల్లా వచ్చి, తలుపు బార్లా తీసి, సంచి నింపుకుని, మూయకుండా పోయేవాళ్లు. చల్లదనమంతా వరండా పాలు. ఫిల్టర్ల నిండా ఎర్రదుమ్ము, వాటిని కడగలేక నేను చచ్చేవాణ్ణి. అడిగితే, "ఒక్క నిమిషానికి ఏం కొంప మునిగిందయ్యా?" అనేవాళ్లు. ఆ ఒక్క నిమిషం ప్రతివాడికీ ఉండేది!

తనిఖీ ముందురోజు, బస్తాలు ఇళ్లకు పట్టుకెళ్లమని మేనేజర్‌గారిని బతిమాలాను.

"ఈ ఎండల్లో ఇంట్లో పెడితే కాయ పాడైపోదూ? ఎక్కడైనా కనపడకుండా సర్దిస్తాలే, నువ్వెళ్లు" అని కసిరారు.

సర్దించారు. ఎక్కడ? ఆఫీసు మొత్తానికీ చల్లగాలి తోసే బ్లోయర్ గదిలో.

అది నాకు తెలియదు. మర్నాడు హైదరాబాదు నుంచి తనిఖీ ఆయన వచ్చాడు. గాలి ఎంత వస్తుందో కొలవాలి, ఫుల్ స్పీడులో పెట్టమన్నాడు. పెట్టాను. క్షణంలో ఆఫీసంతా దగ్గు. టైపిస్టు చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది. తనిఖీ ఆయన కళ్లు తుడుచుకుంటూనే వచ్చి బ్లోయర్ గది తలుపు తీశాడు.

"ఇవేంటండీ?"

"మా ఆపరేటర్‌ని అడగండి" అన్నారు మేనేజర్‌గారు, రుమాలు చాటునుంచి.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎదురుగా ఉన్న బస్తా మీద ఆయన ఇంటిపేరే నల్లరంగుతో ఇంతింత అక్షరాల్లో ఉంది. అయినా ఆ పేరుకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాను. పర్మనెంట్ మాట ఇంకా ఆయన చేతిలోనే ఉంది మరి.

ఏసీలు కరెంటు ఎక్కువ తింటున్నాయని, చూసుకునేవాళ్ల అశ్రద్ధే కారణమని రిపోర్టు వచ్చింది. మేనేజర్‌గారు నన్ను పిలిపించారు.

"ఇలాంటి రిపోర్టు పెట్టుకుని పర్మనెంట్ ఎలా అడుగుతానయ్యా? పైవాళ్లు నిన్నెలా నమ్ముతారు? వచ్చే ఏడు చూద్దాంలే."

తల వంచుకుని తలుపుదాకా వెళ్లాను. వెనక్కి పిలిచి, ఏసీ గది తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"బస్తాలు మళ్లీ పాత గదిలోనే పెట్టించు. తాళం నీ దగ్గరే ఉంచుకో. మంచి కాయ, ఇంకెవణ్ణీ నమ్మలేను."