నా రక్తంలో ఏముందో నాకు చెప్పలేదు

పెళ్ళయిన నాలుగేళ్ళలో రెండుసార్లు కడుపుతో ఉన్నాను. ఒక్క బిడ్డా దక్కలేదు. మొదటిది ఏడో నెలలోనే పోయింది. రెండోది నెలలు నిండి పుట్టింది కానీ ఏడవలేదు. నానబెట్టినట్టు ఒళ్ళంతా చర్మం లేచిపోయి ఉందని మంత్రసాని మా అత్తతో గుసగుసగా చెప్పడం వినిపించింది. ఏమైందని అడిగితే, పచ్చి బాలింతవు, మాట్లాడకుండా పడుకోమన్నారు. డెబ్బైల చివరి రోజులవి.

మా అత్తవారిది చిత్తూరు. బెల్లం మండీ ఉండేది. మా ఆయన సరుకు లారీ వెంట వేలూరుకో మద్రాసుకో వెళ్ళి వారం తర్వాత తిరిగొచ్చేవారు. చెడ్డ మనిషి కాదు. నా మీద ఏనాడూ గొంతు పెంచలేదు. ఊరి నుంచి వస్తూ మల్లెపూలు తెచ్చేవారు. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత జరిగింది వింటే ఆయన దుర్మార్గుడని అనిపిస్తుంది. దుర్మార్గుడైతే నాకు కోపం తెచ్చుకోవడం సులువుగా ఉండేది.

రెండో బిడ్డ కూడా పోయాక నా జాతకం బయటికి తీశారు. సర్పదోషమని ఒకరన్నారు. మా అత్త నన్ను కాణిపాకం తీసుకెళ్ళి తడిబట్టలతో ప్రదక్షిణలు చేయించింది. చేతికి తాయెత్తు కట్టించింది. పొద్దున్నే పరగడుపున ఏదో చేదు కషాయం తాగించింది. మందూ మొక్కూ అన్నీ నాకే. ఆయన జాతకం చూడాలని ఎవరికీ తోచలేదు, నాకు కూడా.

మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు, ఐదో నెలలో మా నాయన వచ్చి నన్ను తిరుపతికి తీసుకెళ్ళాడు. నాయనకు అక్కడ పసుపు, కుంకుమ అమ్మే అంగడి ఉండేది. ఇంటికి దగ్గర్లోనే కాన్పులు చేసే ఒక డాక్టరమ్మ దగ్గర చూపించాడు. పాత రెండు కాన్పుల సంగతీ ఆమె ఓపికగా విని, రక్తం తీయించింది. కొన్నాళ్ళకు మళ్ళీ వెళితే నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టి నాయనను ఒక్కడినే లోపలికి పిలిచింది. చాలాసేపటికి బయటికొచ్చిన నాయన నా మొహంలోకి చూడలేదు.

ఇంటికొచ్చాక నేనే అడిగాను.

"రక్తంలో ఏందో సెడు ఉండాదంట. సూదులేస్తే పోతాదిలే," అన్నాడు.

యాడ నుంచి వచ్చిందని అడిగితే, అవన్నీ నీకెందుకమ్మా అని అంగడికి వెళ్ళిపోయాడు.

మర్నాడు డాక్టరమ్మ దగ్గర ముందు చేతి మీద చిన్న సూది గుచ్చి, ఒంటికి పడుతుందో లేదో చూసి, తర్వాత తుంటికి ఆ పక్కా ఈ పక్కా పెద్ద సూదులు వేశారు. చిక్కటి తెల్లటి మందు. లోపల రాయి పెట్టి నొక్కినట్టుండి, రెండు రోజులు కూర్చోలేకపోయాను. వారానికొకసారి చొప్పున మూడు వారాలు అన్నారు. ఈ సూదులు దేనికని నర్సును అడిగితే, డాక్టరమ్మనే అడగమంది. ఇంట్లో అమ్మ నా కంచం, లోటా వేరు చేసింది. ఎందుకని అడిగితే కళ్ళు తుడుచుకుంది. నా ఒంట్లో ఉన్నదాని గురించి ఇంట్లో అందరికీ ఎంతో కొంత తెలుసు, నాకు తప్ప. రోగం కంటే ఆ పద్ధతే నన్ను ఎక్కువ మండించింది.

రెండో వారం బల్ల ఎక్కనన్నాను. చెబితేనే వేయించుకుంటానన్నాను.

"మీ నాన్నగారికి అంతా చెప్పానమ్మా," అంది డాక్టరమ్మ.

"రోగం మా నాయనకు కాదు గదమ్మా," అన్నాను.

ఆమె నర్సును బయటికి పంపి తలుపు వేసింది. దాని పేరు సిఫిలిస్ అని, మనవాళ్ళు సవాయి రోగమంటారని చెప్పింది. ఆ మాట మా ఊళ్ళో తిట్టుగా మాత్రమే విన్నాను. ఆమె మాత్రం జ్వరం గురించి చెప్పినంత మామూలుగా చెప్పుకుపోయింది. ఆడా మగా కలయికలో ఒకరి నుంచి ఒకరికి వస్తుందట. మొదట అంటుకున్న చోట ఒక పుండు వస్తుంది. నొప్పి ఉండదు. ఆడవాళ్ళకు లోపల వస్తే వచ్చినట్టే తెలియదు. మందు వేసినా వేయకపోయినా కొన్ని వారాల్లో అదే మానుతుంది. ఆ తర్వాత ఒంటి మీద, అరచేతుల్లో, అరికాళ్ళలో మచ్చలు వస్తాయి. దురద పెట్టవు. కొందరికి సన్నగా జ్వరం, అక్కడక్కడ జుట్టు ఊడటం. అవీ పోతాయి.

వింటుంటే నా పెళ్ళయిన మొదటి ఏడు గుర్తొచ్చింది. ఆయన అరచేతుల్లో రాగిరంగు మచ్చలు వచ్చాయి. ఉడుకు చేసిందని మా అత్త ఆముదం రాసింది. మచ్చలు పోయాయి, ఆముదం పనిచేసిందని అందరూ అనుకున్నాం. ఆ తర్వాత కొన్ని నెలలకు నా జుట్టు చిమ్మెటలు కొట్టిన బట్టలా అక్కడక్కడ ఊడింది. నీళ్ళు మారాయి, అందుకే అన్నారు.

"పోయిందంటే తగ్గిందని కాదమ్మా. పైకి కనిపించడం మానేస్తుంది, అంతే. నెత్తురులో అలాగే ఉంటుంది," అంది డాక్టరమ్మ.

అలా ఏళ్ళ తరబడి ఉండి, కొందరిలో గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళాన్ని, కొందరిలో మెదడును, నరాలను, కళ్ళను పాడుచేస్తుందట. కొందరికి ఏమీ కాదట. ఎవరికి ఏమవుతుందో ముందు చెప్పలేమంది. కడుపులో బిడ్డకు మాత్రం మాయ దాటి తల్లి నుంచి వెళుతుంది. నా ఇద్దరు బిడ్డలూ బహుశా అందుకే పోయారంది. అయితే నా వల్లేనా అని అడిగాను. నీ తప్పేం లేదు, నీకూ ఒకరి నుంచే వచ్చింది అంది. కంచం, లోటాల వల్ల అంటుకోదని కూడా చెప్పింది. మీ ఆయనకు కూడా పరీక్ష చేసి మందు వేయాలి, లేకపోతే నీకు నయమైనా మళ్ళీ రావచ్చు అంది. ఆ వారం సూది వేయించుకుని, ఇంటికెళ్ళి కంచాలన్నీ కలిపి కడిగాను.

ఆయన నన్ను చూడటానికి వచ్చినప్పుడు పెరట్లో కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి చూపించారు.

"సూడు. యాడన్నా మచ్చ ఉండాదా? నీ రక్తంలో ఉంటే నాకు సూదేస్తారా?"

అరచేతుల మచ్చలు గుర్తుచేశాను. అది ఉడుకని, ఆముదానికి పోయింది గదా అని అన్నారు. అంతకుముందు పుండేమైనా వచ్చిందా అని అడిగాను. మడిచిన చొక్కా చేతులు దించుకున్నారు.

"పెళ్ళికి ముందు ఒకటొచ్చినాది. దానంతట అదే పోయినాది. నొప్పే లేనిది రోగమెట్లయితాది?"

నాకు చెప్పిన మాటలే మళ్ళీ మళ్ళీ చెప్పాను. గోడకు చెప్పుకున్నట్టుంది. చివరికి నా పోరు పడలేక డాక్టరమ్మ దగ్గరికి వచ్చారు. రక్తపరీక్షలో ఆయనకూ ఉందని తేలింది. మొదటి సూది వేశారు. కొందరికి ఆ రోజు జ్వరం రావచ్చు, భయపడొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. సాయంత్రానికి వణుకుతూ జ్వరం వచ్చింది. బాగున్న మనిషిని పాడుచేశారని తిట్టుకుంటూ మర్నాడే చిత్తూరు బస్సెక్కారు. తర్వాతి వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలంది డాక్టరమ్మ. ఆ రోజు ఇంటికి నడుస్తూ దారిలో ఏడ్చాను, దుఃఖంతో కాదు, విసుగుతో.

నేను మూడు వారాల సూదులూ పూర్తిచేశాను. నెలలు నిండి పాప పుట్టింది. గట్టిగా ఏడ్చింది. దాని రక్తమూ తీశారు, కొన్ని నెలలపాటు చూస్తూ ఉండాలన్నారు. మూడో నెలలో నన్ను చిత్తూరుకు పంపాలని నాయన తొందరపెట్టాడు. మా ఆయన మందు పూర్తిచేస్తే గాని వెళ్ళనన్నాను.

"నలుగురూ ఏమనుకుంటారమ్మా," అన్నాడు నాయన. ఎవరు ఆ నలుగురు అని అడిగాను.

పాపను చూడటానికి చిత్తూరు నుంచి ఆయన వచ్చారు. ఒళ్ళో పెట్టుకుని దాని కాళ్ళూ చేతులూ తిప్పి తిప్పి చూశారు. దీనికి కూడా ఉండాదా అని అడిగారు. ఇంకా చూస్తున్నారని చెప్పాను. లేచి తనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఈసారి మూడు వారాలూ తప్పకుండా వచ్చి వేయించుకున్నారు. పాప రక్తం బాగుందని తేలింది. నాదీ క్రమంగా తగ్గింది. పోయిన ఇద్దరు బిడ్డల మాట నేను ఎత్తినప్పుడల్లా మాత్రం ఆయన మండీలో పని ఉందని లేచేవారు.

చిత్తూరు వెళ్ళాక ఒక పెళ్ళిలో ఆయన పిన్నమ్మ వరసామె పదిమందిలో నన్ను అడిగింది.

"నీ రక్తంలో దోషమంట గదా మే, మీ అత్త చెప్పినాది. పోయినాదా?"

ఆయన అక్కడే, వక్కాకు పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నారు. నోరు విప్పుతారని ఎదురుచూశాను. కండువా సర్దుకున్నారు.

"ఇద్దరికీ ఉండింది పిన్నమ్మా. ఇద్దరమూ సూదులు ఏయించుకున్నాం, ఇద్దరికీ పోయినాది," అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు పూల గురించీ చీరల గురించీ మాటలు కలిపారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన మెల్లగా, అంతమందిలో అనాల్నా అన్నారు.

"అంతమందిలోనే గదా నన్నడిగినారు," అన్నాను.

ఆయన కిటికీ వైపు తిరిగారు. మా అత్త నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. ఆయన మాట్లాడారు కానీ, బియ్యం గురించీ పాప పాల గురించీ మాత్రమే.