ఇటలీని తుడిచేసిన మధ్యాహ్నం

మొన్న టీవీలో ఇటలీ నాయకులిద్దరు పార్లమెంటులో వాదులాడుకోవడం చూపిస్తుంటే, ఇంట్లో అందరూ అన్నాలు తింటూ చూస్తున్నారు గానీ, నా కుడిచెయ్యి మాత్రం డస్టరు కోసం తడుముకుంది. ఇటలీ అంటే నాకు ఇప్పటికీ గుండెదడే. నా యీడువాళ్ళు నవ్వినా అర్థం చేసుకుంటారు.

రాష్ట్రం కొత్తగా ఏర్పడి, మేమింకా కర్నూలు జిల్లాలోనే ఉన్న రోజులవి. కంభం దగ్గరి పల్లెలో, మిషన్ బడిలో నేను టెంపరరీ అయ్యవారిని. నాలో పర్మినెంటుగా ఉన్నది భయం ఒక్కటే. మా అన్న ఎర్రజెండా పట్టుకుని తిరుగుతున్నాడని గిద్దలూరులో మా ఇంటికి వచ్చిన పోలీసులు, తమ్ముడేం చేస్తుంటాడని కూడా అడిగి పోయారు. అప్పటినుంచి నాయనది ఒకటే మాట: "నోరు అదుపులో పెట్టుకోరా. ఇంట్లో పొయ్యి రాజేది నీ జీతంతోనే."

అయినా పాఠం పాఠమే కదా. యుద్ధం తరువాతి యూరప్ గురించి చెబుతూ, బోర్డు మధ్యన గీత గీసి, అప్పటి ఇటలీ నాయకులిద్దరిని చెరొక పక్కన నిలబెట్టాను. ఒకాయన నియంత చేతిలో జైలుపాలై, బయటికొచ్చాక పోపుగారి గ్రంథాలయంలో తలదాచుకుని, కడకు ప్రధానమంత్రి అయినవాడు. రెండో ఆయన కమ్యూనిస్టు. రష్యాలో ఏళ్ళతరబడి ప్రవాసముండి, తిరిగొచ్చి మంత్రిగా చేసి, తుపాకి దెబ్బ తిని కూడా బతికి, ప్రధాని పీఠం మాత్రం ఎక్కలేకపోయినవాడు. కొన్నాళ్ళు ఇద్దరూ ఒకే మంత్రివర్గంలో కూర్చున్నారని చెబుతుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు.

సరిగ్గా అప్పుడే వాకిట్లో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగారి జీపు ఆగింది. నా ఉద్యోగం ఖాయం కావాలన్నా ఊడాలన్నా ఆయన రాసే రిపోర్టే. సుద్దముక్క పట్టినవాణ్ణే గానీ శుద్ధ పిరికివాణ్ణి. కమ్యూనిస్టు ఉన్న పక్కంతా గబగబా తుడిచేశాను. తీరా చూస్తే ఇన్‌స్పెక్టరుగారి వెనకాలే మా బడి మేనేజరు, పోపు పేరెత్తితే గిట్టని ప్రొటెస్టెంటు పాస్టరుగారు! బోర్డు మీద మిగిలిందేమో పోపుగారి మనిషి. ఆయన్నీ తుడిచేశాను.

పాస్టరుగారు గుమ్మంలోంచి అంతా చూడనే చూశారు. "ఏందయ్యోరా, ఇద్దర్నీ తుడిచేస్తివి, ఇంక ఆ దేశాన్ని ఏలేదెవరు?"

ఇన్‌స్పెక్టరుగారు నవ్వలేదు. ముందు వరసలోని గొర్రెలకాపరి కూతుర్ని లేపి, ఏం పాఠమని అడిగారు. ఆ పిల్ల ఊపిరి తిప్పుకోకుండా ఇద్దరి చరిత్రా అప్పజెప్పి, "ఆయప్ప గద్దెనెక్కినాడు, ఈయప్ప ఎక్కలేకపోయినాడు సార్. కాల్చినప్పుడు గూడా తనోళ్ళను కొట్లాడొద్దన్నాడంట, మా అయ్యోరు చెప్పినాడు" అని కూర్చుంది. నేను కూడా కూర్చోవలసినవాణ్ణే, దగ్గర్లో కుర్చీ లేక నిలబడ్డాను.

"తుడిచినా పోలేదే, అయ్యవారూ!" అని మాత్రమే అని ఇన్‌స్పెక్టరుగారు జీపెక్కారు. మెచ్చుకున్నారో బెదిరించారో తెలియక ఆ ఎండాకాలమంతా భయపడుతూనే గడిపాను. చివరికి ఉత్తర్వు వచ్చింది, ఖాయమయ్యాను. ఆ కాగితం తీసుకెళ్ళి నేరుగా నాయన చేతిలో పెట్టాను.

ఇప్పటివాళ్ళు ఏ నాయకుణ్ణయినా ఫోనులో ఇష్టమొచ్చినట్టు తిడతారు, ఎవరికీ జడవరు, సంతోషమే. మొన్న టీవీ కట్టేశాక మనవడికి ఆ ఇద్దరి కథ చెప్పబోయాను. సగం కూడా వినకుండానే, "ముందు నువ్వెవరి వైపో చెప్పు తాతా" అన్నాడు. ఆ రోజు ఇన్‌స్పెక్టరుగారు ఎక్కడ అడుగుతారోనని నేను చచ్చేంత భయపడిన ప్రశ్న అదే. ఆయన మాత్రం అడగనే లేదు.