బాపు పోయాక జరిగిన కృతజ్ఞత కూడిక

మా చర్చిలో ఓడిపోయినవాళ్లకు సాక్ష్యం చెప్పే వంతు రాదు. ఆదివారం ప్రసంగానికి ముందు అయ్యగారు, అంటే మా పాస్టరు, సాక్ష్యాలు ఉన్నవాళ్లు లేవవచ్చు అంటారు. జ్వరం తగ్గినవాళ్లు లేస్తారు. బోరులో నీళ్లు పడ్డవాళ్లు లేస్తారు. కొడుక్కి కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చిన తల్లి తలమీద కొంగు కప్పుకొని ఏడ్చుకుంటూ లేస్తుంది. బోరు ఎండిపోయినవాడు లేవడు. ఉద్యోగం రానివాడి తల్లి లేవదు. వాళ్లు గోడకు ఆనుకొని కూర్చుని, తమ వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. చిన్నప్పటి నుంచీ నాకీ పద్ధతి నచ్చలేదు గానీ, నన్ను అడిగిందెవరు?

మాది సాగర్ ఎడమ కాలువ పక్క ఊరు. బాపు, మా నాన్న, కాలువ మీద లష్కరు. తూము తలుపులు ఎత్తడం, దించడం, నీళ్లు అందని రైతుల చేత తిట్లు తినడం ఆయన ఉద్యోగం. అమ్మ కూలికి పోయేది. డ్యాం కట్టే రోజుల్లో మా తాత నందికొండలో రాళ్లు మోసి, అక్కడే బాప్తిస్మం తీసుకున్నాడు. బాపు అక్క, మా మేనత్త, నకిరేకల్ దిక్కు కోడలై పోయి ఎల్లమ్మను కొలిచే ఇంట్లో కలిసిపోయింది. మేము బోనాలకు వాళ్లింట్లో తిన్నాం, వాళ్లు క్రిస్మస్‌కు మా ఇంట్లో తిన్నారు. ఎవరికీ అరగకపోవడం నేను చూడలేదు.

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం చర్చికి తాళం పడింది. తెల్లవారుజామున అయ్యగారు అందర్నీ ఫోన్లో కలిపి ప్రార్థన పెట్టేవారు. సగం మనుషుల గొంతులు, సగం కోళ్ల కూతలు. ప్రతిరోజూ ఎవరో ఒకరు తమవాళ్ల పేరు చెప్పి ఏడ్చేవారు. మర్నాడు ఆ పేరు మళ్లీ వినబడకపోతే, ఎందుకు వినబడలేదని అడగడానికి ఎవరికీ ధైర్యం ఉండేది కాదు.

బాపుకు దగ్గు మొదలైంది. నల్గొండ దవాఖానలో చేర్చాం. నేను నల్గొండలోనే ప్రైవేటు బడి పంతులమ్మను. బడి మూతపడి ఇంట్లో ఉన్నాను కాబట్టి దవాఖాన బయట వేపచెట్టు కింద కూర్చునే పని నా మీద పడింది. లోపలికి పోనివ్వరు. టిఫిను డబ్బా లోపలికి పోయేది, తిన్నాడో లేదో తెలియదు, డబ్బా బయటికి వచ్చేది.

ఆ రోజుల్లోనే అమ్మ ఒక పని చేసింది. ఫోను ప్రార్థనలో అందరూ వింటుండగా, తన పెనిమిటి తన కాళ్ల మీద నడిచి ఇంటికొస్తాడనీ, రాగానే మా ఇంట్లో కృతజ్ఞత కూడిక ఉంటుందనీ, దానికోసం మేకపోతును దేవుడి పేరు మీద విడిచిపెట్టాననీ ప్రకటించింది. తెలియనివాళ్లకు చెబుతాను. కృతజ్ఞత కూడిక అంటే దేవుడు మేలు చేసినప్పుడు వాడను పిలిచి, పాటలు పాడి, సాక్ష్యం చెప్పి, కడుపునిండా పెట్టడం. మేలు జరిగాక పిలవడం మామూలు విశ్వాసం. జరగకముందే పిలవడం గొప్ప విశ్వాసం అని మావాళ్ల లెక్క. అమ్మ మాటకు ఫోన్లో ఉన్నవాళ్లంతా గట్టిగా ఆమెన్ అన్నారు. అయ్యగారు అందరికంటే గట్టిగా అన్నారు.

బాపు రాలేదు.

అంబులెన్సులో మూటకట్టి తెచ్చారు. సమాధుల దగ్గరికి మేము ఇంటివాళ్లం, గుంత తవ్వినవాళ్లు, దూరంగా తుమ్మచెట్టు కింద నిలబడ్డ అయ్యగారు, అంతే. ఊళ్లో ఎవరు చచ్చినా సమాధి దాకా పాట ఆగనివ్వని మా వాడలో, బాపు పాట లేకుండా మట్టిలోకి పోయాడు. నేను ఏడ్వలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ తర్వాత మాటలు మొదలయ్యాయి. జరగకముందే నోరు తెరవకూడదు కదా అన్నారు. విశ్వాసంలో ఎక్కడో లోపం ఉండి ఉంటుందన్నారు. ఒకామె ఇంకా ముందుకుపోయి, ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉండే ఉంటుందని అన్నదట. ఊపిరితిత్తులు చెడిపోయిన మనిషికి ఊపిరి ఆడకపోతే అది మా అమ్మ విశ్వాసంలో లోపమట! ఫోన్లో ఆమెన్ అన్న నోళ్లే ఈ మాటలూ అన్నాయి. నోరా, వీపుకు దెబ్బలు తేకే అని మా అవ్వ అనేది. వీళ్ల నోళ్లు ఎప్పుడూ పక్కవాళ్ల వీపుకే తెచ్చేవి.

మాటలకంటే భయం ఎక్కువ పనిచేసింది. మా ఇంటి ముందు నుంచి పోవాల్సినవాళ్లు వెనక సందులోంచి పోయేవాళ్లు. మిరుగం కార్తె వచ్చింది, నాలుగు చినుకులు పడ్డాయి, పత్తి గింజలు పెట్టడానికి ఆడవాళ్లు గుంపులుగా పోతున్నారు. అమ్మను ఎవ్వరూ పిలవలేదు. పొద్దున్నే సద్ది కట్టుకొని, చెప్పులేసుకొని గడపలో కూర్చునేది. గుంపు వెళ్లిపోయాక సద్ది విప్పి ఇంట్లోనే తినేది. నాతో నల్గొండ రమ్మంటే రాదు. కూలికి పిలవని ఊళ్లో కూలి మనిషి ఎన్నాళ్లు బతుకుతుంది? నా ఫికరంతా అదే.

చర్చి తాళాలు తీశాక అయ్యగారు వచ్చారు. ఇంట్లోకి రాకుండా వాకిట్లో నిలబడి, వచ్చే ఆదివారం ఆదరణ కూడిక పెట్టుకుందామని మెల్లగా చెప్పారు. చనిపోయినవాళ్ల ఇంట్లో పెట్టేది అదే. తెల్లబట్టలు, సమాధి పాటలు, కళ్లు తుడుచుకోవడం, చివరికి తలా ఒక టీ. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఆదరణ కూడిక కాదు, కృతజ్ఞత కూడికే పెట్టాలన్నది. చెప్పినట్టే మేకపోతును కోయాలన్నది.

 అది మేలు జరిగినప్పుడు కదా అన్నారు అయ్యగారు. అప్పుడు అమ్మ అన్న మాట నేను చచ్చేదాకా మరచిపోను.

"దేవునికి నేను మాటిచ్చిన అయ్యగారు. ఆయన తప్పిండని నేను తప్పాల్నా?"

"అట్ల అనొద్దమ్మా. దేవుడు మాట తప్పడు."

"మరి నేనెందుకు తప్పాలె?"

అయ్యగారు మాస్కు సర్దుకున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. పుస్తకంలో లేని ప్రశ్న వస్తే పాపం ఎవరైనా అంతే.

నేనూ కొట్లాడాను. నవ్వులపాలవుతామని అన్నాను. నవ్వేవాళ్లు ఇప్పటికే నవ్వుతున్నారు, తిని నవ్వనీ అన్నది అమ్మ. మేనత్త నకిరేకల్ నుంచి తెల్లచీర పట్టుకొని వచ్చింది. తమ్ముడు పోయి నెలన్నా నిండలేదు, వాకిట్లో విందేమిటి, మతి పోయిందా అని తిట్టింది. ఆమె తిట్లలో ఏడుపు ఉంది కాబట్టి అమ్మ ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. తెల్లచీర తీసుకొని పెట్టెలో పెట్టింది. కట్టుకోలేదు. మేనత్త తిట్టడం ఆపకుండానే ఎల్లిగడ్డలు ఒలవడానికి కూర్చుంది.

నిజం చెప్పాలంటే నా భయం నవ్వులు కాదు. ఆ రోజు ఎవ్వరూ రాకపోతే, వండిన అన్నం వండినట్టే ఉండిపోతే, ఆ ఊళ్లో అమ్మ పని ముగిసినట్టే. ఇప్పటిదాకా చాటుగా జరిగే వెలి అందరి ముందూ ఖాయమైపోతుంది. ఈ సంగతి అమ్మకు తెలియదనుకున్నాను. ఆమెకు నాకంటే బాగా తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో చాపలు పరిచాం, దూరం దూరంగా. కట్టెల పొయ్యి మీద మాంసం, గంపెడు బగారన్నం. వాసన వాడంతా పోయింది. అయ్యగారు ఒకదానిమీద ఒకటి రెండు మాస్కులు పెట్టుకొని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. చాపల మీద ఎవరూ లేరు. ఎదురిళ్లవాళ్లు తమ తమ గడపల మీద నిలబడి చూస్తున్నారు. ఇంకా చూస్తున్నారు. కాళ్లు విరిగినట్టు ఒక్కరూ కదలరు. నాకు కోపం నషాళానికి ఎక్కింది. గిన్నెల మీద మూతలు పెట్టేద్దామని లేచాను.

అమ్మ పాట ఎత్తుకుంది. ఆమె గొంతు ఎప్పుడూ అంత బాగుండదు, ఆ రోజు మరీ బొంగురుపోయింది. రెండో చరణానికి ఎదురింటి గడప మీద నుంచి ఎవరో అందుకున్నారు. తెలిసిన పాట వినబడితే మావాళ్లు నోరు కట్టుకొని ఉండలేరు, అదొక్కటి నాకు మావాళ్లలో నచ్చే గుణం. పాట అయిపోయేసరికి వాడ సగం పాడుతోంది. కానీ ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. పాడటం వేరు, వచ్చి తినడం వేరు.

అయ్యగారు సాక్ష్యం అనే మాట నోట్లోనే నలిపారు. అమ్మ లేచి, వాకిలి చివరికి పోయి, వాడకు ఎదురుగా నిలబడింది. తలమీద కొంగు కప్పుకుంది.

"నా పెనిమిటి నడిసి వస్తడని జెప్పిన. రాలే. మీరందరు ఆమెన్ అన్నరు, అయినా రాలే. గిదే నా సాక్ష్యం. దేవుని మీద నాకు కోపమున్నది. పొద్దున లేసి గాయనతోనే కొట్లాడుతున్న. ఇంకెవరితోని కొట్లాడాలె, నాకెవరున్నరు? బతికిస్తెనే దేవుడంటే గది బేరం. నేను బేరం జెయ్యలే, మొక్కిన. ముప్పయ్యేండ్లు మంచి మనిషినిచ్చిండు, గందుకు గీ కూడిక. సావు నా ఇంటికొచ్చి సూసిపోయింది. ఇగ దానికి నేను భయపడ. కూర ఉడికింది, తినెటోళ్లు రాండ్రి."

ఎవరూ ఆమెన్ అనలేదు. అది ఆమెన్ అనే సాక్ష్యం కాదు మరి.

అప్పుడు వాడ చివరింటి ఆమె వచ్చింది. ఆమె మొగుడు ఆటో నడుపుతాడు. అప్పటికి ఆయన నల్గొండలో అదే దవాఖానలో, ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఆమె పళ్లెం దిక్కు చూడలేదు. తిన్నగా అమ్మ ముందుకొచ్చి, తన మొగుడి కోసం ప్రార్థన చేయమని అడిగింది. అయ్యగారు తన పని వచ్చిందనుకొని కుర్చీలోంచి లేచారు.

"మీరు గాదు అయ్యగారు, ఏమనుకోవద్దు. అక్కనే జెయ్యాలె. బాగైనోళ్ల మాటలు ఇంటుంటె నాకు భయమైతాంది. రేపు నాకు బాగు గాకపోతె, గప్పుడు నా మొకం ఎవరు జూస్తరు?"

అమ్మ ఆమెను పట్టుకుంది. దూరాలూ మాస్కులూ ఏవీ గుర్తులేనట్టు పట్టుకుంది. వద్దని నేను అరవబోయి ఆగాను. ప్రార్థన పొడుగ్గా చేయలేదు. ఆ మనిషికి ఊపిరి ఆడించమని అడిగింది, గట్టిగానే అడిగింది, అప్పు వసూలుకు వచ్చినవాళ్లలాగా అడిగింది. తర్వాత వాడ దిక్కు తిరిగింది.

"ఆయన వచ్చినా వీళ్లింట్ల కృతజ్ఞత కూడికనే. రాకున్నా కూడికనే. నేనే వండుత, అందరు ఇనుండ్రి."

మేనత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బతికి ఉన్న మనిషి గురించి రాకున్నా అనడం అపశకునం, ఎల్లమ్మ ఇంట్లోనైనా, ఏసయ్య ఇంట్లోనైనా. కానీ ఆ ఆడమనిషి ఏడవలేదు. చెప్పులు విడిచి వచ్చి చాప మీద కూర్చుంది. తర్వాత, అన్నం పెట్టమని నన్ను అడిగింది. నేను వడ్డించాను. ఆకలిగా తిన్నది, ఎముకలు కూడా వదలకుండా. ఆమె తింటుంటే ఎదురింటివాళ్లు దిగి వచ్చారు, వాళ్ల వెనక మిగిలినవాళ్లు. మా ఇంట్లో ఒప్పుకోని పాపం ఉందన్న ఆమె రెండోసారి కూర వేయించుకుంది. నేను ఆమె మొహం వైపు చూస్తూనే వేశాను. మర్నాడు పొద్దున పత్తి గింజల గుంపు మా గడప ముందు ఆగి అమ్మను పిలిచింది.

ఇది చెప్పినప్పుడల్లా అందరూ అడిగేది ఒక్కటే. ఆ ఆటో ఆయన బతికాడా లేదా?

చెప్పను. బతికాడంటే, చూశారా మీ అమ్మ ప్రార్థన అంటారు. పోయాడంటే, అయ్యో అని నాలుక చప్పరించి, దాంట్లో లోపం వెతుకుతారు. రెండూ నాకు అక్కర్లేదు. అమ్మ ఆమెకు ఇచ్చిన మాట ఏమిటో మీరు విన్నారు. వాళ్లింట్లో కూడిక జరిగింది. అమ్మే వండింది.