అమ్మకుండా ఉంచుకున్న పనసచెట్టు

మా బావ ఇంజనీరు. యుద్ధాలు ఆగిపోయిన దేశాలకు వెళ్ళి, కూలిన వంతెనలు తిరిగి కట్టించడం ఆయన ఉద్యోగం. యుద్ధం జరుగుతుండగా పిలిస్తే వెళ్ళడనీ, ఆగాక పిలవకపోయినా వెళతాడనీ మా అప్ప, అంటే ఆయన పెళ్ళాం, వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నేనప్పుడు టెక్కలి కోర్టులో వకీలుని. నేను వాదనకు లేచినప్పుడల్లా జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. నా మాటలు చెవులతో వింటే చాలు, కళ్ళతో చూడనవసరం లేదని ఆయన ఉద్దేశం కాబోలు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు, పనసపళ్ళు మాగే కాలంలో, బావ ఇద్దరు పరదేశీయుల్ని వెంటబెట్టుకుని పలాసలో రైలు దిగాడు. ఇద్దరిదీ ఒకటే దేశం. చిన్న ద్వీపం, కొబ్బరితోటల దేశం, కొట్టుకుని కొట్టుకుని అప్పుడే అలసి ఆగిన దేశం. పేరు చెప్పను. చెబితే మీరు మ్యాపు తీసి నేను చెప్పే దూరాలు కొలవడం మొదలుపెడతారు.

ఒకాయన దౌత్యవేత్త. తల నెరిసింది, గొంతు మెత్తన. ఎవరూ కాదనలేని వాక్యాలు తయారుచేయడంలోనే ఆయన జీవితమంతా గడిచిందట. రెండో ఆవిడ న్యాయశాస్త్రం చదివిన మనిషి, నలభైకి దగ్గర వయసు. వాళ్ళ తోటలన్నీ యుద్ధంలో తగలబడిపోయాయి. తుఫానుకు పడిపోయిన మా ఉద్దానం తోటలు మళ్ళీ ఎలా లేచాయో చూపించమని బావ వాళ్ళను తీసుకొచ్చాడు. దుబాసీని నేనే.

చూపించడంలో నేను లోటు చేయలేదు. ఉద్దానంలో ఎండ నేలమీద పడాలంటే ఎమ్మార్వో ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలని చెప్పాను. తుఫాను గాలికి మా తాత గొడుగు ఇచ్ఛాపురం దాటి అవతల దిగిందనీ, వెతికి తెచ్చుకునేసరికి దానికి ఒడియా వచ్చేసిందనీ చెప్పాను. దౌత్యవేత్త నవ్వలేదు, తల ఊపాడు. అది ఆయన వృత్తి. ఆవిడ మాత్రం నవ్వి, తిరిగొచ్చాక ఆ గొడుగు మీ తాతను గుర్తుపట్టిందా అని అడిగింది. అప్పుడే నాకు ఆవిడ మీద గౌరవం పుట్టింది.

పలాసలో జీడి బట్టీల వాసనలో, టీ కొట్టు ముందు నిలబడి, ఆవిడ తన సంగతి చెప్పింది. యుద్ధంలో వదిలేసి పారిపోయిన ఇళ్ళు ఎవరికి చెందాలి? ఆ చట్టం రాసే పని ఆవిడ మీద పెట్టారు. ఆవిడ తండ్రి కట్టిన ఇల్లు వాళ్ళ పట్నంలోనే ఉంది. అందులో ఇప్పుడొక కుటుంబం ఉంటోంది. వాళ్ళు దొంగలేం కాదు, వాళ్ళ ఊరు తగలబడితే వచ్చి తలదాచుకున్నారు. తిరిగొచ్చినవాళ్ళకే ఇళ్ళు అని రాస్తే మొదట లాభపడేది ఆవిడే, మొదట రోడ్డున పడేది ఆ కుటుంబం. తన ఇంటికోసమే చట్టం రాసుకుందని జనం అంటారు. ఉన్నవాళ్ళకే ఇళ్ళు అని రాస్తే, శిబిరాల్లో కూర్చుని ఇంటిదారి చూస్తున్న తనవాళ్ళ ముఖం ఎలా చూస్తుంది? స్వదేశంలో దిగగానే మంత్రికి ఏదో ఒకటి చెప్పాలి.

నష్టపరిహారం ఇవ్వవచ్చు కదా అన్నాడు దౌత్యవేత్త. ఏ డబ్బుతో అని ఆవిడ అడిగింది.

మధ్యాహ్నానికి సముద్రం వైపు ఒక ఊళ్ళో, నాకు దూరపు వరసకు వదిన అయ్యే ఆవిడ ఇంట్లో భోజనం. తుఫాను తర్వాత మొగుడూ పెళ్ళాం కలిసి మళ్ళీ నిలబెట్టుకున్న తోట వాళ్ళది. కొబ్బరి, దాని కింద జీడి, మధ్యమధ్య పనస. తోటలోనే చాపలు వేసి, ఆవపెట్టిన పనసకూర వడ్డించింది వదిన. బావ మూడోసారి వడ్డించుకుంటున్నాడు.

అంతలో కంచె తడిక తోసుకుని నలుగురు లోపలికి వచ్చారు. పలకరింపు లేదు. ముందున్న పెద్దాయన చేతిలో కత్తి. తిన్నగా మూల పనసచెట్టు దగ్గరికి పోయి పళ్ళు తట్టి చూడటం మొదలుపెట్టారు. మా వదిన మొగుడు తల కూడా ఎత్తలేదు, మజ్జిగ పోసుకుంటున్నాడు.

దౌత్యవేత్త లేచాడు. వాళ్ళ దేశంలో భోజనాల వేళ కత్తులతో మనుషులు పెరట్లోకి వస్తే ఏమవుతుందో ఆయన చూసినవాడు. అన్నం అంటిన చేయి పైకెత్తి, రెండో చేయి చాచి, చెట్టుకూ చాపలకూ మధ్య నిలబడ్డాడు. ముఖం పాలిపోయింది, కానీ కదల్లేదు. నేనెన్ని కోతలు కోసినా ఈ మాట నిజం: ఆ ముసలాయన ధైర్యవంతుడు.

కత్తి పట్టుకున్న పెద్దాయన ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి, మా వదిన మొగుణ్ణి అడిగాడు.

"ఈయనెవులు బావా? పండు గావాలేటి?"

చాపమీద నవ్వులు. దౌత్యవేత్తను కూర్చోబెట్టాం. అప్పుడు మొదలైంది అసలు గొడవ. వాళ్ళు వచ్చినందుకు కాదు, వచ్చిన దారికి.

"మీ సెట్టుకాడికి మీరొచ్చినారు, బాగానే ఉన్నాది. నా మిరపమొక్కలు తొక్కమని ఎవులు సెప్పినారు?" అంది వదిన.

"మా దారిలో మిరపలేసినావు. ఎగిరి రావాలేటి అప్పా?"

"ఎగిరే వయిసా నీది? సుట్టూ తిరిగి రా."

ఇదంతా ఏమిటని చట్టం ఆవిడ నన్ను అడిగింది. చెప్పాను. తోట ఇప్పుడు మా వదినవాళ్ళది, అంతకుముందు ఆ పెద్దాయనది. భార్య జబ్బుకు విశాఖ ఆసుపత్రుల చుట్టూ తిరిగి, తుఫానుకు చాలాకాలం ముందే తోట అమ్మేశాడు. కానీ మావైపు తోట అమ్మినవాడు ఒక చెట్టు అమ్మకుండా ఉంచుకుంటాడు. చెట్టు కొన్నవాడి నేలలోనే ఉంటుంది, పళ్ళు అమ్మినవాడివి. కొన్నవాడు దాన్ని నరకకూడదు, దారి మూయకూడదు. అమ్మినవాడు కూలివాణ్ణి పంపకూడదు, తానే రావాలి. ఇది ఏ దస్తావేజులోనూ ఉండదు. కాగితం ప్రకారం చెట్లతో సహా అమ్మేసినట్టే. కోర్టుకు వస్తే అరగంటలో కొట్టేస్తారు. కానీ ఈ తగువు ఇంతవరకు టెక్కలి కోర్టుకు రాలేదు. వకీలుగా అది నాకు తీరని బాధ.

ఆవిడ చాలాసేపు ఆ చెట్టునే చూసింది. తర్వాత, మొదలు ఇంత సన్నగా ఉందేమిటి, తోట అమ్మి చాలాకాలమైందన్నారు కదా అని అడిగింది.

నేను గమనించలేదు. బావ అసలే గమనించలేదు, ఆయన దృష్టి కూర మీద ఉంది. వదినను అడిగాను. పాతచెట్టు తుఫానుకు పడిపోయిందట.

చెట్టు పడిపోతే హక్కు కూడా పోయినట్టే కదా, మరి ఇది ఎవరు పాతారు అని ఆవిడ అడగమంది.

"నానే పాతినాను," అంది వదిన. ఎందుకని అడిగితే, ఇది కూడా ఒక ప్రశ్నేనా అన్నట్టు నన్ను చూసింది.

"సెట్టు పోయిందని ఊరుకుంటే ఆల్లింక రారు. ఆల్లు రాపోతే ఈ తోట మేం కొనుక్కున్నట్టుండదు మరిదీ, ఎత్తుకొచ్చినట్టుంటాది."

ఆ మాటను నేను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి మార్చాను. నా దుబాసీతనంలో వన్నెలు అద్దని వాక్యం అదొక్కటేనని బావ ఇప్పటికీ అంటాడు. పెద్దాయన ఏమీ వినబడనట్టు పండు ముచ్చిక కోశాడు. తర్వాత వదిన వాళ్ళను కూడా కూర్చోబెట్టి అన్నం పెట్టింది, పెడుతూ మిరపమొక్కల సంగతి మళ్ళీ ఎత్తింది.

తిరుగుదారిలో జీపులో ఒకటే చర్చ. ఇది ఏ ఒప్పందంలోనూ ఇమడదన్నాడు దౌత్యవేత్త. డబ్బిచ్చే దేశాలవాళ్ళు చెట్టుకు విలువ కట్టమంటారనీ, పండు కాయని ఏడాది సంగతేమిటని అడుగుతారనీ బావ అన్నాడు. ఆవిడ మాత్రం కొబ్బరిచెట్ల సందుల్లోంచి సముద్రం కనిపించినప్పుడల్లా అటు తిరిగి చూసింది.

పలాస ప్లాట్‌ఫారం మీద రైలుకోసం నిలబడినప్పుడు నోరు విప్పింది. అందరికీ ఒకే తీర్పు రాయనంది. ఇల్లు తీసుకోవడమా, ఇల్లు అందులో ఉన్నవాళ్ళకు వదిలి దానిలో ఒక హక్కు ఉంచుకోవడమా, తిరిగొచ్చినవాళ్ళే ఎంచుకునేలా రాస్తానంది. వాళ్ళను అడిగే ముందు తన ఇంటి సంగతి తాను తేల్చుకుంటానంది. ఆ ఇంటి పెరట్లో తండ్రి నాటిన సీమపనస ఉందట, నిప్పులమీద కాల్చి అన్నంలా తినే పండట అది.

మీ నాన్నగారి ఇల్లు వదులుకుంటారా అని దౌత్యవేత్త మెల్లగా అడిగాడు.

"చెట్టు వదులుకోను," అంది.

ఆ తర్వాతిదంతా బావ సెలవులకు వచ్చినప్పుడు చెప్పింది. మా ఇంట్లో కోతలు కోసేది నేనొక్కణ్ణే కాబట్టి నమ్మవచ్చు. చట్టంలో చెట్టు మాటను నిపుణులు కొట్టేశారు. ఎంచుకునే హక్కు మాత్రం నిలిచింది. ఆవిడ తన ఇంటికి వెళ్ళి, ఇల్లు మీరే ఉంచుకోండి, సీమపనస నాది అని చెప్పింది. ఆ కుటుంబం నమ్మలేదు. ఇవాళ చెట్టు అంటుంది, రేపు గది అంటుంది అనుకున్నారు. పళ్ళు తయారయ్యే వేళకు, ఆవిడ లోపలికి రానవసరం లేకుండా ఒక బుట్ట నిండా కోసి గేటు బయట పెట్టి, తాళం వేసుకున్నారు.

ఆవిడ బుట్ట ముట్టుకోలేదు. గేటు ముందు ఎండలో నిలబడింది. వీధి వీధంతా వచ్చి చూసింది. చివరికి ఆ ఇంటి ఇల్లాలు తాళం తీసి, పక్కకు తొలగింది. ఆవిడ చెట్టెక్కి, రెండు పళ్ళు కోసుకుని దిగింది. మూడో ఏడాదికి ఆ ఇల్లాలు, కొమ్మలు విరవకుండా ఎక్కడం రాదా అని దెబ్బలాట పెట్టుకుందట. ఇక ఫరవాలేదని బావకు అప్పుడు నమ్మకం కలిగింది.

ఆవిడ ఇప్పటికీ అదే పట్నంలో అద్దెగదిలో ఉంటోంది. ఆ దేశంలో పని ముగించుకుని వచ్చేస్తూ, ఇల్లు వదులుకున్నందుకు బాధ లేదా అని బావ అడిగాడు. కాయలు లేని నెలల్లో ఉంటుందని చెప్పి, ఆ ఏటి పళ్ళలో ఒకటి కాల్చి, కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టింది. విమానంలోకి దాన్ని తీసుకెళ్ళనివ్వలేదు. బావ విమానాశ్రయం గుమ్మంలోనే సూటుకేసు మీద కూర్చుని, వేడి ఊదుకుంటూ, మొత్తం తినేసి లోపలికి వెళ్ళాడు.